మంచి బాక్టీరియాకు మంత్రిగారి స్వాగతం

"ఇకమీదట కడప జిల్లాలో మంచి బాక్టీరియా ఒక్కటి కూడా అనాథగా ఉండదు!" అని మంత్రిగారు ప్రొద్దుటూరు సభలో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. విలేకరిని కనుక మామూలుగా నేను కొట్టను. కానీ కంటికి కనిపించే జనాన్నే చూడ్డానికి తీరికలేని ప్రభుత్వం, కంటికి కనిపించని జీవుల దాకా వెళ్లిందంటే ఎవరి మనసు కరగదు?

విషయం ఇది. పెద్దముడియం దగ్గర పల్లెలో గొర్రెలు కాచుకునే నాగులమ్మ ఇంటి పెరుగులో, పేగులకు మేలు చేసే అరుదైన బాక్టీరియా ఉందని ఫాయిజా అనే పరిశోధకురాలు కనిపెట్టింది. అత్తగారి అత్తగారి నాటి నుంచి నిన్నటి పెరుగే నేటి పాలకు తోడుగా వస్తున్న చట్టి అది. ల్యాబులో దాచిన నమూనా కరెంటు పోయి చచ్చిపోయింది. జనరేటరు ఫైలు మంత్రిగారి పరిశీలనలోనే ఉంది. ఇక మిగిలింది ఆ చట్టి ఒక్కటే. దాన్ని స్వయంగా దర్శించి మంత్రిగారు మైక్రోబయోమ్ మిషన్ అనే మంచి బాక్టీరియా పథకాన్ని ప్రారంభిస్తారు.

మంత్రిగారు వస్తున్నారంటే ఏం చేయాలో అధికారి మధుసూదన్ గారికి ఒకరు చెప్పాలా? తెల్లారేసరికి దారి పొడవునా బ్లీచింగ్ పౌడరు చల్లించారు. నాగులమ్మ గొర్రెలను తోలి వచ్చేసరికి ఆయన సిబ్బందితో సహా ఆమె వంటింట్లో ఉన్నారు.

"ఏంది సార్ ఈ కంపు? నా చట్టిని ఏం జేస్తాండారు?"

"కడిగించినాం పెద్దమ్మా. లోపల ఏందో పులిసిపోయి ఉండాది."

ఫాయిజా పరుగెత్తుకొచ్చింది. "సార్, బాక్టీరియా ఉండేది దాంట్లోనే!"

"మంత్రిగారి రూట్లో బాక్టీరియా ఉంటే నా ఉద్యోగం ఉంటాదా పాపా?"

"అది మంచిది సార్!"

"మంచిదో చెడ్డదో దాని మొగాన రాసుంటాదా?"

నాగులమ్మ ఖాళీ చట్టిని ఒళ్లో పెట్టుకుని బావురుమంది. నేనూ కళ్లు తుడుచుకున్నాను. బ్లీచింగ్ వల్ల కాబోలు.

మంత్రిగారు వచ్చి, కడిగిన చట్టి అడుగు నీటిచుక్కను ఫాయిజా తెచ్చిన మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. "ఏమీ లేదే!"

"శూన్యం సార్!" అన్నారు మధుసూదన్ గారు గర్వంగా.

మంత్రిగారు కెమెరాల వైపు తిరిగారు. "గత ప్రభుత్వంలో ఇక్కడ కోట్ల క్రిములు! మన పాలనలో ఒక్కటన్నా ఉందా?" ప్రారంభించిన రోజే లక్ష్యం పూర్తయిన పథకాన్ని నేనింతవరకూ చూడలేదు.

ఇంతలో వెనక సందులో ఉండే దిల్షాద్‌బీ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఏడ్సాకు అక్కా! నిన్న నీకాడ తోడు తీస్కపోయినా గదా, మా ఇంట్లో ఉండాది."

"మీ ఇల్లు కడగలేదా?" అంది ఫాయిజా.

"మా సందుకు ఎవురొస్తారమ్మా? మోరీ పొంగినా రారు."

ఆమె వెళ్లి తెచ్చిన చట్టిలోంచి ఫాయిజా ఒక పెరుగు చుక్కను తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసి చిన్నపిల్లలా గంతేసింది. "బతికే ఉండాయి!"

ఈ మాట మధుసూదన్ గారు పరుగున పోయి మంత్రిగారి చెవిన వేశారు. మంత్రిగారు చలించిపోయి మళ్లీ మైకు అందుకున్నారు. "రేపు పొద్దున్నే ఆ సందుకు నేనే స్వయంగా వస్తాను!"

చప్పట్లు ఆగేలోపే దిల్షాద్‌బీ చట్టిని కొంగు కింద దాచుకుని జమ్మలమడుగు బస్సెక్కేసింది. ఆమె వెనకే నాగులమ్మ, ఫాయిజా ఎక్కారు.

"యాడికి పోవాల?" అన్నాడు కండక్టరు.

"మంత్రి రాని ఊరు యాడుంటే ఆడికి," అంది నాగులమ్మ. "మూడు టికెట్లు కొట్టప్పా."