బీట్‌రూట్ పరీక్ష

ఆ ఉదయం లిండ్సీ ప్రౌస్ పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ తాగాలి, తాము కాపురముంటున్న మోటర్‌హోమ్ బండి కిందికి దూరాలి, టాయిలెట్ పైపు ఎక్కడ కారుతోందో చూసి బిగించాలి, ఆ తర్వాత గాలం పుచ్చుకుని జెట్టీ మీదికి పోవాలి. బెండిగోలో ముప్పయ్యొక్క ఏళ్లు ఒకే రూటులో బస్సు నడిపిన మనిషి కనుక ఏ పనికైనా ముందే టైము వేసుకోవడం ఆయనకు అలవాటు. పైపుకి ఇరవై నిమిషాలు వేశాడు.

అసలు గడువు పెట్టింది మాత్రం ఆయన భార్య గ్లెనిస్. మూడు రోజులుగా బండి కింద తడి చేరుతోంది. ఆ తడికి వాసన కూడా ఉంది. ఇలాంటి బండ్లు నిలుపుకునే ఈ కారవాన్ పార్కులో సాయంత్రం ఐదు కాగానే ఎవరి కుర్చీ వాళ్లు, ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకుని ఒకచోట చేరతారు. మొన్న మిగతా కుర్చీలన్నీ గ్లెనిస్ కుర్చీకి బారెడు దూరంలో పడ్డాయి. నిన్న రెండు బారలు. మర్యాదస్తులు కనుక ఎవరూ ఏమీ అనలేదు. గాలి ఎటు నుంచి వీస్తోందో మాత్రం పదేపదే చెప్పుకున్నారు.

గ్లెనిస్ ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "అమ్మకానికి" అని రాసి స్టవ్ పక్కన నిలబెట్టింది.

"ఐదింటికి ఇంకా కారుతుంటే ఇది ముందద్దంలో పెట్టేస్తా. బస్సెక్కి ఇంటికెళ్లిపోదాం."

"నాలుగు వేల కిలోమీటర్లు బస్సులోనా?"

"నువ్వు నడపని బస్సయితే చాలు."

లిండ్సీ నవ్వాడు కానీ లోపల భయమే. జీవితమంతా పదకొండు స్టాపుల మధ్య తిరిగినవాడు. తనకు నచ్చిన చోట బండి ఆపుకునే భాగ్యం దొరికి ఇంకా ఆరు నెలలే అయింది. గ్లెనిస్ సంగతి ఆయనకు తెలుసు. పెడతానంటే పెట్టి తీరుతుంది.

బండి కింద పడుకుని పైపంతా తడిమి చూశాడు. పొడిగా ఉంది. జాయింటు చుట్టూ వేలు తిప్పాడు. అదీ పొడే. కింద నేల మాత్రం తడి. పైపు పొడి, నేల తడి! జెట్టీ, చేపలు అన్నీ మరిచిపోయాడు. ఇదేమిటో తేలేదాకా మనిషికి మనసొప్పలేదు. మధ్యాహ్నం దాకా వెతికి, బుర్ర గోక్కుని లోపలికి వెళ్లి, అల్మరాలో ఉన్న పెద్ద బీట్‌రూట్ డబ్బా తెరిచి, ఆ ఎర్రటి రసమంతా ముక్కలతో సహా టాయిలెట్లో పోశాడు. ట్యాంకు వాల్వు తెరిచి పైపులోకి వదిలాడు. పైపు చివర మూత బిగించే ఉంది కదా, ఎక్కడ చిల్లుంటే అక్కడ ఎర్ర చుక్క బయటికి రావాలి. తొందరలో కొంత రసం చొక్కా మీద ఒలికి, దిగిన మెట్ల మీద, దారి పొడవునా కారింది. ఆ సంగతి ఆయన గమనించలేదు.

ఆ పార్కులో బండి కింద నుంచి రెండు కాళ్లు కనబడితే చాలు, కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చోవడం ఆనవాయితీ. ముందుగా వచ్చినవాడు వాలుకి ఎగువన పక్క స్థలంలోని డూగల్ మెక్రోరీ. ఆయనది పార్కులోకెల్లా పెద్ద బండి, సరికొత్తది.

"ఏం మందు వాడుతున్నావోయ్ టాయిలెట్లో?" అన్నాడు కుర్చీ విప్పుతూ.

"బట్టల సబ్బు పొడి," అంది బండి కింది గొంతు.

"అదీ సంగతి! నాలాగా నీలం మందు వాడు. మూతెడు చాలు, మల్లెపూల వాసన. అవునూ, వాషర్ స్పేరు ఉందా నీ దగ్గర?"

"లేదు."

"నా దగ్గరుంది. స్పేరు లేనివాడు రోడ్డెక్కకూడదు లిండ్సీ, ఎన్నిసార్లు చెప్పాలి?"

ఇంకో అరగంట చెప్పి, గొంతు ఎండిపోయి, టీ తెచ్చుకోవడానికి వెళ్లాడు. ఇప్పుడైనా చుక్క చప్పుడు వినబడుతుందేమోనని లిండ్సీ రెండు చేతులతో జాయింటు పట్టుకుని, పైపుకి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టాడు.

సరిగ్గా అప్పుడే నోలా వచ్చింది. నలభై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసినావిడ. మెట్ల మీద ఎర్రటి చుక్కలు, అక్కణ్ణించి బండి కింది దాకా ఎర్రటి చార, దాని చివర కదలని రెండు కాళ్లు ఆమె కంటబడ్డాయి.

"లిండ్సీ? ఏమయ్యా, లిండ్సీ!"

ఊపిరి బిగబట్టినవాడు ఏం పలుకుతాడు?

"డూగల్! పరిగెత్తుకురా! లిండ్సీ పోయేట్టున్నాడు!"

డూగల్ టీ కప్పు విసిరేసి వచ్చి రెండు కాళ్లూ పట్టుకుని లాగాడు. లిండ్సీ ఉలిక్కిపడి జాయింటును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. డూగల్ కూడా ఇంకా గట్టిగా లాగాడు. లిండ్సీ వచ్చాడు, ఆయనతో పైపూ వచ్చింది. ఆ వెనకే మూడు రోజుల సరుకంతా బీట్‌రూట్ రంగులో దబదబా వచ్చిపడింది.

"అమ్మో, ఎంత రక్తం!" అంది నోలా.

"రక్తం కాదు, బీట్‌రూట్!" అన్నాడు లిండ్సీ, నోట్లో ఏమీ పడకుండా జాగ్రత్తపడుతూ.

"నా బర్గర్ల బీట్‌రూటా?" అంది గుమ్మంలో నిలబడిన గ్లెనిస్. ఆ సాయంత్రం బర్గర్ల వంతు ఆమెది. బీట్‌రూట్ ముక్క లేని బర్గర్ పెట్టడమంటే ఆమె దృష్టిలో పిలిచి అవమానించడమే.

కేకలు విని పార్కు నడిపే పెట్రిడిస్ గారు గొట్టం పట్టుకుని వచ్చింది. చూసింది, ముక్కు మూసుకుంది.

"ఎవరి బండి కారితే వాళ్లు ఐదింటికల్లా గేటు బయట ఉండాలి. రూలు రూలే. మీరైనా సరే, ఎవరైనా సరే."

పైపు వంగలేదు కానీ రబ్బరు వాషర్ రెండు ముక్కలైంది. కొత్తది కొనాలంటే దగ్గరి ఊరికి రెండున్నర గంటల ప్రయాణం. వెళ్లొచ్చేసరికి ఐదు దాటిపోతుంది. గ్లెనిస్ లోపలికి వెళ్లి అట్టముక్క ముందద్దంలో పెట్టింది. లిండ్సీ తడి చొక్కాతో అలాగే నిలబడి ఆ అక్షరాలనే చూశాడు. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

డూగల్‌కి ఆ ముఖం చూడటం కష్టమైపోయింది.

"లాగింది నేనే కదా," అని గొణిగి, తన బండిలోంచి స్పేరు వాషర్ తెచ్చాడు. పానా పుచ్చుకుని తానే కిందికి దూరి పైపు బిగించాడు. మురుగు పారబోసే చోటుకి వెళ్లాల్సిన అవసరం ఎలాగూ తీరిపోయింది కనుక, ఖాళీ ట్యాంకులో నాలుగు బకెట్ల మంచినీళ్లు పోసి చూశారు. ఒక్క చుక్క కారలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. గ్లెనిస్ అట్టముక్క తీసేసింది.

పెట్రిడిస్ గారు గొట్టంతో నేల కడగసాగింది. ఎన్నాళ్లుగానో పేరుకున్న ఎర్రమట్టి కొట్టుకుపోయి కింది సిమెంటు తెల్లగా బయటపడింది. నీళ్లు ఆపి, గొట్టం చుట్టబోతూ ఆగింది.

"ఇదేంటి?"

తెల్లటి సిమెంటు మీద సన్నటి గీత ఒకటి మెల్లగా పాకుతూ వచ్చి లిండ్సీ బండి కింద ఆగింది. ఎరుపు కాదు. నీలం.

లిండ్సీ వంగి ఆ గీత పట్టుకుని నడిచాడు. ఆయన వెనక నోలా, ఆమె వెనక పెట్రిడిస్ గారు, ఆ వెనక కుర్చీలు వదిలేసి వచ్చిన జనం. గీత హద్దు దాటింది, వాలు ఎక్కింది, డూగల్ గుమ్మం ముందు పరిచిన ఖరీదైన పట్టా కిందికి పోయింది. లిండ్సీ పట్టా ఎత్తాడు. నీలంగా చిన్న చెరువు.

"మల్లెపూలు," అంది నోలా, ముక్కు మూసుకుని.

డూగల్ ముఖం పాలిపోయింది. పెట్రిడిస్ గారు గడియారం చూసుకుంది. ఐదుకి ఇంకా ఇరవై నిమిషాలుంది.

"గ్లెనిస్," అన్నాడు డూగల్ టోపీ నలుపుతూ, "ఆ వాషర్..."

"స్పేరు లేనివాడు రోడ్డెక్కకూడదటగా?" అంది గ్లెనిస్.

లిండ్సీకి జాలేసింది. జాలి కన్నా ఎక్కువగా, ఎక్కడ కారుతోందో చూడాలనిపించింది. మళ్లీ పడుకుని డూగల్ బండి కిందికి దూరాడు. ఈసారి ఎవరూ కాళ్ల జోలికి రాలేదు. నిమిషంలో గొంతు వినబడింది.

"డూగల్, మొన్న ట్యాంకు ఖాళీ చేశాక మూత ఎంత తిప్పావు?"

"గట్టిగానే."

"ఇంకో అరచుట్టు తిరిగింది."

చెరువు అక్కడితో ఆగిపోయింది. పెట్రిడిస్ గారు గొట్టం భుజాన వేసుకుని ఏమీ చూడనట్టు వెళ్లిపోయింది. ఐదింటికి కుర్చీలన్నీ గ్లెనిస్ కుర్చీకి ఆనుకుని పడ్డాయి. డూగల్ తన కుర్చీని తానే రెండు బారలు అవతల వేసుకున్నాడు. లిండ్సీ లేచి వెళ్లి దాన్ని ఈడ్చుకొచ్చి తన పక్కన వేశాడు.

అట్టముక్క మాత్రం మళ్లీ ముందద్దంలోకి వచ్చింది, వెనక వైపు తిరిగి: "బర్గర్లు ఉన్నాయి. బీట్‌రూట్ లేదు. కారణం అడగొద్దు."