మనుషులెక్కితే వెలిగే దీపం

ఆ వేళ సన్యాసిరాజు పెట్టుకున్న పని ఒక్కటే. మల్కాపురం షెడ్డులోంచి ఖాళీ ట్రైలరు తీసి, పొద్దున్న ఎనిమిది కొట్టేలోగా స్టీల్ ప్లాంటు గేటు లోపల పడాలి. ప్లాంటు కడుతున్న రోజులవి. ఇనుప దూలాలు మోసే ట్రైలరు డ్రైవరంటే అక్కడ రాజాయే. కాకపోతే ఆ ట్రైలరు వెనక దీపాలకు బుద్ధి పుడితే వెలుగుతాయి, లేకపోతే లేదు. గేటు దగ్గర తనిఖీ చేసే శ్రీరామ్మూర్తి ఇప్పటికే రెండుసార్లు వెనక్కి తిప్పి పంపాడు.

"ఇంకోసారి తిరిగొచ్చావంటే నీళ్ల ట్యాంకరు తోలే సత్యానికి ట్రైలరిచ్చేసి, నిన్ను ఆ ట్యాంకరెక్కిస్తా!" అన్నాడు కాంట్రాక్టరు గంగాధరరావు. ఏనుగు దిగి గాడిదనెక్కమన్నట్టే. సన్యాసిరాజు ప్రాణం ఉసూరుమంది.

మెకానిక్ చలమయ్య గోదావరి మనిషి. తన పనితనం మీదున్నంత నమ్మకం అతనికి దేవుడి మీద కూడా లేదు. బల్బులు మార్చాడు. లారీకీ ట్రైలరుకీ మధ్య వేలాడే తీగ మార్చాడు. ప్లగ్గు గీకాడు. ఊహూఁ! విసుగెత్తి ట్రైలరు ముందు కొసనెక్కి కూర్చుని బీడీ ముట్టించాడు. దీపం వెలిగింది.

"కదలకు బావా! నువ్వు కూకుంటే ఎలుగుతంది!" అని అరిచాడు సన్యాసిరాజు.

"నేను కూర్చుంటే కరెంటొస్తుందేంటయ్యా?" అని చలమయ్య లేచాడు. ఆరింది. కూర్చున్నాడు. వెలిగింది. పరువు పోతే పోయిందని గేటు దాకా అలాగే కూర్చుని రావడానికి ఒప్పుకున్నాడు.

రోడ్డు మీద గంగాధరరావు కూలీలు ఆయన పంపే బస్సు కోసం పడిగాపులు కాస్తున్నారు. మనవాళ్లకు ఒకడెక్కిన బండి అందరిదీ. గతుకు దగ్గర ట్రైలరు నెమ్మదించగానే పదిమంది ఎక్కేశారు. దింపుదామని వెనక్కి వెళ్లిన సన్యాసిరాజు నోరు వెళ్లబెట్టాడు. అందాకా మినుకుమినుకుమన్న దీపాలు ధగధగలాడుతున్నాయి.

"ఇంకా సూస్తన్నారేటి? మిగతావోలు కూడా ఎక్కీండి!" అన్నాడు.

చేపల తట్టతో అసిరమ్మ కూడా ఎక్కింది. గాజువాక రాగానే లేచి నిలబడింది. దీపాలు రెపరెపలాడాయి. సన్యాసిరాజు బండాపి పరుగెత్తుకొచ్చాడు.

"అప్పా, నీకు దండమెడతాను, కూకో! నువ్వు దిగితే నా బతుకు ఆరిపోద్ది!"

"నా సేపలు కుళ్లిపోతే నువ్వు కొంటావేటి?"

"కొంటాను, తట్టతో కొంటాను! గేటు దాకా రా!"

బండి తమకోసమే ఆగిందనుకుని ఇంకో పదిహేనుమంది ఎక్కారు.

గేటు దగ్గర శ్రీరామ్మూర్తి ట్రైలరు వెనక్కి వెళ్లి చూసి, తల ఊపి, "బాగానే ఉంది. అందరూ దిగండి," అన్నాడు. దిగారు. దీపాలు ఆరిపోయాయి. సన్యాసిరాజు అక్కడే చతికిలబడ్డాడు.

శ్రీరామ్మూర్తి ట్రైలరు కిందికి వంగాడు. "ఈ ఎర్తు బోల్టుకి రంగేసిందెవరు?"

"దసరా పూజకి నానే ఏసినాను సార్, ముద్దుగా ఉంటాదని. రెండు పూతలు."

"దీపాల కరెంటు తిరిగెళ్లేది ఈ బోల్టు గుండానే; రంగు అడ్డమొస్తే ఎలా పారుతుందయ్యా? పైన బరువు పడి లారీ ఇనుమూ ట్రైలరు ఇనుమూ ఒరుసుకున్నప్పుడే వెలుగుతోంది." జేబులోంచి చాకు తీసి బోల్టు గీకాడు. ట్రైలరు మీద నరపురుగు లేదు. దీపాలు నిబ్బరంగా వెలిగాయి. చలమయ్య ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డాడు. సన్యాసిరాజుకు మాత్రం ఆనందంతో కళ్లనీళ్లు తిరిగాయి.

అంతలో గంగాధరరావు స్కూటరు దిగి, కూలీలందరినీ చూసి సన్యాసిరాజును అమాంతం కౌగలించుకున్నాడు.

"బస్సు చెడిపోయింది, ఇవాళ్టి పని గోవిందా అనుకున్నాను! అందర్నీ టైముకి తెచ్చావు. ఆ బస్సు డ్రైవరు ఏనాడూ వేళకి రాడు. రేపట్నుంచి బస్సు నీదే!"

"బస్సేటి బాబూ? మరి నా ట్రైలరు?"

"దానికి సత్యం ఉన్నాడుగా!"

మర్నాటి నుంచి ట్రైలరు సత్యం నడిపాడు. వెనక దీపాలు ఒక్కసారీ ఆరలేదు.