అమృతమ్మ ఆకలి

డాక్టర్ మాలతి వేసుకున్న పథకం చాలా సాదాది. పొద్దున పదింటికి ధరూర్ దాటి అవతలున్న చిన్న ఊరు చేరాలి. మూడింటికల్లా నలభై మంది ఉమ్మి నలభై ట్యూబుల్లో పట్టాలి. చీకటి పడకముందే గద్వాల వెళ్లి హైదరాబాదు బస్సెక్కాలి. అది రెండువేల ఎనిమిది డిసెంబరు. కృష్ణ మీద నుంచి లేచిన మంచు తొమ్మిదిన్నరైనా పొలాలను వదల్లేదు.

గద్వాల నేతగాళ్ల ఇంట్లో పుట్టి జన్యుశాస్త్రం చదివిన మాలతి తొమ్మిదేళ్లుగా ఒకే ప్రశ్న పట్టుకుని తిరుగుతోంది. కరువులో పస్తులున్న మనిషి ఆకలి మనవల ఒంట్లో ఏమైనా గుర్తు మిగులుస్తుందా? జన్యువుల రాత మారకపోయినా, అందులో ఏది చదవాలో, ఏది వదిలేయాలో చెప్పే గుర్తులు మారతాయేమో. నెలాఖరులోగా నమూనాలు చూపకపోతే పరిశోధన ఆపేస్తామని పైవాళ్లు చెప్పేశారు. ఇప్పటికే రెండు ఊళ్లు మొహం మీద తలుపేశాయి.

ఈ ఊళ్లో సత్యమ్మ అనే రైతు ఇల్లాలు నడిమింట్లో చోటిచ్చింది. గోడ మీద ఆమె అత్త అమృతమ్మ ఫోటో ఉంది. ఇరవై ఏళ్ల కిందట ఆ ముసలమ్మ కన్నుమూసింది ఆ గదిలోనే.

"మీ అత్తమ్మ కరువుల పస్తులున్నదంటివి గదా పెద్దమ్మా. ఆ ఆకలి గుర్తు మనవల ఒంట్ల ఉన్నదేమో చూస్త," అని మాలతి విడమరిచి చెప్పింది.

సత్యమ్మ తలూపి, వీధిలోకి పోయి తనకర్థమైనట్టు చాటింది. "మా అత్త ఆకలి మనవల ఒంట్ల కూసున్నదంట. ఈ బిడ్డ దాన్ని ట్యూబులల్ల పట్టి హైదరాబాదుకు తీస్కపోతదంట!"

కాసేపటికి వాకిట్లో జనం పోగయ్యారు. అప్పుడే లోపల జీపు డ్రైవరు యాదయ్య, ట్యూబులను గడ్డకట్టించే డ్రై ఐసు ఇంకా మిగిలిందో లేదోనని పెట్టె మూత తీసి స్టీలు గరిటె గుచ్చాడు. ఆ చలికి గరిటె అదిరి ఆడమనిషి ఏడ్చినట్టు కీచుమంది. యాదయ్య అదిరిపడి పెట్టెను ఒరగదోశాడు. తెల్లటి పొగ గడప దాటి, మెట్లు దిగి, వాకిట్లో పరుచుకుంది.

జనం వెనక్కి తగ్గారు. అమృతమ్మ మరిది నాగన్న డెబ్బై దాటినవాడు. చేతికర్ర గట్టిగా పట్టుకున్నాడు.

"గది మా వదినె గొంతే."

"అది గరిటె, తాతా!" అంది మాలతి.

"గరిటె ఏడుస్తదా?"

కళ్లారా చూపిస్తే సరిపోతుందనుకుంది మాలతి. పెట్టెను అరుగు మీదికి తెప్పించి, తనే గరిటె గుచ్చింది. ఈసారి ఏడుపు ఇంకా పొడుగ్గా సాగింది. పొగ అరుగు దిగి, ఎటూ పోకుండా, నాగన్న పాదాల దగ్గరికి పోయి ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన్ని ఒంటరిగా వదిలేసి పక్కకు జరిగారు. యాదయ్య జీపులోకి దూరి అద్దాలెక్కించుకున్నాడు.

పదకొండింటికి "ఉమ్మితే ఆకలి పోతుంద"న్న మాట, పన్నెండింటికి "పానం పోతుంద"న్న మాటైంది. ట్యూబుల మీద పేర్లు రాస్తారని తెలిసి, ఒకావిడ తన పేరు తనకే తెల్వదంది. ధరూర్ నుంచి వచ్చిన ఆటో ఒకటి, మనుషుల్ని దింపకుండానే వెనక్కి తిరిగిపోయింది.

తొమ్మిదేళ్ల చదువు గరిటె పాలైందనుకుని మాలతి ఖాళీ ట్యూబులు సర్దడం మొదలుపెట్టింది.

అప్పుడు నడిమింట్లో నుంచి ఒక ముసలి గొంతు వినబడింది. ఓపిక లేని గొంతు.

"నాగన్నా, నీకు గంజి పోసి నేను నీళ్లు తాగి పండిన దినాలు యాదికున్నయా? ఎట్లున్నవని నన్ను ఒక్కరన్న అడిగిండ్రా? ఇయ్యాల ఈ పిల్ల అడుగుతుంది. ఇష్టముంటె ఉమ్ముండ్రి, లేకుంటె లేదు. పానమేం పోదు."

మాలతి సర్దడం ఆపింది. సత్యమ్మే పెరటి తలుపున లోపలికొచ్చి, అత్త గొంతుతో తనను గట్టెక్కిస్తోందని తనకు తానే సర్దిచెప్పుకుంది.

నాగన్న కళ్లు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "తే బిడ్డా. ఎంత ఉమ్మాలె?"

ఆయన వెనక జనం వరస కట్టారు. దయ్యం లేదు, మంత్రం లేదు, వద్దంటే వెళ్లిపోవచ్చని మాలతి ఒక్కొక్కరికీ మళ్లీ చెప్పింది. "ఎరుకనే. అమృతమ్మ చెప్పింది గద," అన్నారు అందరూ. మూడింటికి నలభై ఒక్క ట్యూబులు నిండాయి.

ఆఖరి మనిషి వెళ్లాక సత్యమ్మ పాల ప్యాకెట్లతో వీధి గుమ్మంలోంచి వచ్చింది.

"మంచిగ మాట్లాడినవ్ పెద్దమ్మా. నువ్వు లేకుంటె నా పని ఖతమే," అంది మాలతి.

"నేనేడ మాట్లాడిన? చాయకు పాలు లేవని పొద్దుగాల అటే ధరూర్ పోతిని. ఒక్క ఆటో ఈ దిక్కు రానంటది. గిప్పుడు చేరిన. ఏందమ్మా, జనమంత ఎటు పోయిండ్రు?"

మాలతి నడిమింట్లోకి తొంగి చూసింది. గదిలో ఎవరూ లేరు. పెరటి తలుపుకు లోపలి గడియ వేసే ఉంది.

గద్వాల దారిలో జీపులో కూర్చుని కాగితాలు పూర్తి చేస్తుంటే, చివరి పుటలో ఒక ప్రశ్న ఎదురైంది: అధ్యయనాన్ని స్థానికులకు వారి భాషలో వివరించినవారి పేరు, వయసు. సైన్సులో అబద్ధం రాయకూడదు. పేరు గడిలో మాలతి అమృతమ్మ అని రాసింది.

వయసు గడి మాత్రం ఖాళీగా వదిలేసింది.