సారథి చూసిన గెలాక్సీ

డిపోలో అందరూ ఆయన్ని చుక్కల సారథి అంటారు. పగలు బస్సు నడుపుతాడు, సెలవు దొరికితే టెలిస్కోపుతో ఊరి బయట చీకట్లో కూర్చుంటాడు. కొంతకాలంగా కళ్ళు మసకబారుతున్నాయి. పగలు ఎలాగో నెట్టుకొస్తున్నాడు. బయటపడితే ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు.

భార్యకి అనుమానం వచ్చింది. చొక్కాని కొక్కేనికి కాకుండా గాలికి తగిలించే మొగుణ్ణి చూస్తే ఎవరికైనా వస్తుంది.

"కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి."

"నా కళ్ళకేం? పద, ఇవాళ నీకు చుక్కలు చూపిస్తాను."

"పెళ్ళైన నాటినుంచీ చూపిస్తూనే ఉన్నారుగా!"

సారథి పథకం తేలికే. బటన్ నొక్కితే టెలిస్కోపు కావలసిన వైపుకి తనే తిరుగుతుంది. ఏ గెలాక్సీ ఎలా ఉంటుందో ఆయనకి కంఠతా వచ్చు. కనిపించకపోయినా వర్ణించేస్తే ఆవిడ నోరెత్తదు.

దీపం జాడలేని మైదానానికి కారు ఆవిడే నడిపింది. సారథి తడుముకుంటూ టెలిస్కోపు నిలబెట్టి బటన్ నొక్కాడు. మోటారు గుర్రుమంది. కన్ను ఆనించాడు. కటిక చీకటి. అయినా గొంతు మాత్రం తగ్గలేదు.

"ఆహా! ఆండ్రోమెడా గెలాక్సీ! నడుమ దీపంలా వెలుగు, అటూ ఇటూ పలచటి పొగ!"

"అంత బాగా కనిపిస్తోందా?"

"ఇంకాసేపు చూస్తే అక్కడి జనం కూడా కనిపించేట్టున్నారు!"

"టెలిస్కోపుకి మూత ఉందండీ. మీరు మోటారుతో కుస్తీ పడుతుంటే నేనే పెట్టాను."

సారథి ఎగిరి గంతేశాడు. "మూతా! చంపేశావే! నా కళ్ళు పూర్తిగా పోయాయనుకున్నాను. తియ్యి, తియ్యి!"

మళ్ళీ కన్ను ఆనించాడు.

"తీశావా?"

"తీశాను."

"మొత్తం తీశావా?"

ఆవిడ మూత ఆయన చేతిలో పెట్టింది.

అప్పుడు ఆవిడ అంది. "మొన్న కూడలి దగ్గర మీ బస్సు ముందు ఒకావిడ బిడ్డనెత్తుకుని రోడ్డు దాటుతోందట. పక్కకి దూకింది కాబట్టి బతికింది. కండక్టర్ వచ్చి చెప్పాడు."

"నాకెవరూ కనిపించలేదే," అన్నాడు సారథి.

"తెలుసు. సాయంత్రమే డిపో మేనేజరుకి చెప్పొచ్చాను. రేపటినుంచి మీరు బస్సెక్కితే ప్రయాణికుడి సీట్లోనే."

అరవడానికి నోరు తెరిచాడు. ఆ బిడ్డ గుర్తొచ్చి మూసేశాడు. టెలిస్కోపు దగ్గర్నుంచి పక్కకి జరిగాడు.

"నువ్వు చూడు. ఏం కనిపిస్తోంది?"

ఆవిడ చాలాసేపు చూసింది.

"ఏదో పొగ మరక. మీరు చెప్పినదాంట్లో సగం కూడా లేదు."

"అయితే బాగానే చెప్పానన్నమాట," అన్నాడు సారథి, తల దించుకుని.

"బాగానే చెప్పారు," అంది ఆవిడ, కన్ను తియ్యకుండా. "ఇంకోసారి చెప్పండి."