ఆఫ్రికాలో నిచ్చెన ముఠా

"ఈ లోకంలో మనుషులు రెండే రకాలు. నాకు దొరికిపోయినోళ్లు, ఇంకా దొరకాల్సినోళ్లు," అని ప్రకటించాడు చంద్రమౌళి, టెంటు వరండాలో నడుముకి చేతులు పెట్టుకుని దక్షిణాఫ్రికా అడవిని ఎగాదిగా చూస్తూ.

వెనకాల నిలబడ్డ అతని భార్య అర్చనకి లోకంతో పని లేదు. రాజాం నుంచి మోసుకొచ్చిన బుల్లి కుక్కర్లో వండిన పప్పన్నం ముద్ద, నాలుగేళ్ల కూతురు ఝాన్సీలక్ష్మి నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. నోరు మూసే ఉంది.

"జిరాఫీని సూపిత్తేనే తింతాను," అంది ఝాన్సీ, పళ్ల సందుల్లోంచి.

తప్పు అర్చనదే. బయల్దేరే ముందు, జిరాఫీని చూస్తూ బువ్వ తిందామని పిల్లకి ఆశ పెట్టింది. ఇప్పటికి రెండుసార్లు జీపెక్కారు. సింహం తోక కనబడింది. ఏనుగుల మంద కనబడింది. "ఏనుగులు మన సీతంపేట కాడ దొరుకుతాయి, దీనికి పాస్‌పోర్టేటి," అని అత్తగారు సూర్యకాంతం పెదవి విరిచింది. జిరాఫీ మాత్రం లేదు. పిల్ల బిస్కెట్ల మీద బతుకుతోంది. బుగ్గలు లోపలికి పోయాయా, లేక వెలుతురు అలా పడుతోందా అని అర్చన గంటగంటకీ చూసుకుంటోంది. రేపు పొద్దున్న తిరిగే జీపే ఆఖరిది.

చంద్రమౌళికి రాజాం బజార్లో రంగుల కొట్టుంది. అమ్మకాలు బాగా చేసిన డీలర్లని కంపెనీవాళ్లు ఇంటిల్లిపాదితో ఇక్కడికి తీసుకొచ్చారు. డిటెక్టివ్ అన్నది మాత్రం అతను తనకి తానే ఇచ్చుకున్న బిరుదు. కిందటేడు కొట్లో నిచ్చెన పోయిందని, దాన్ని ఎత్తు మీంచి వెతకడానికి అదే నిచ్చెన ఎక్కి బజారంతా కలియజూశాడు. ఆ కేసు ఇంకా తేలలేదంటాడు.

ఆ సాయంత్రం కొత్త కేసు దొరికింది.

"ఒసే అర్చనా, కదలకు. ఆధారాలు సెరిగిపోతాయి," అంటూ మెట్ల కింద బోర్లా పడుకున్నాడు. ముందు తప్పేలా అంత తాబేలు. దాని వీపు మీద గుండ్రంగా ఎర్ర చుక్క. "ఇది అంతర్జాతీయ తాబేళ్ల దొంగల గుర్తు. పట్టుకుపోడానికి ముందే రంగేసి ఎట్టుకున్నారు."

ఆ చుక్క ఎవరు పెట్టారో అర్చనకి తెలుసు. సూర్యకాంతం శ్రీకూర్మం గుడికి వెళ్తే తాబేళ్లకి తోటకూర పెట్టందే తిరిగి రాదు. మధ్యాహ్నం ఈ తాబేలు మెట్ల దాకా రావడం చూసి ఆవిడ చెంపలేసుకుంది. బొడ్లోంచి కుంకం బరిణె తీసింది.

"అత్తా, జంతువుల్ని ముట్టుకోకూడదన్నారు," అంది అర్చన అప్పుడే.

"దేవుడు గుమ్మంలోకి వచ్చీసినాక బొట్టెట్టకుండా పంపించీమంతావేటే? తల లోపలికి లాగీసుకున్నాడు స్వామి. అందికే వీపు మీద ఎట్టినాను."

ముట్టుకోకూడదని చెప్పినవాడు గైడు థాబో. ఎవరు ముట్టుకున్నా ఆ టెంటు మొత్తానికి జీపు ఉండదని వచ్చిన రోజే చెప్పాడు. అతని ఇంగ్లీషుని శ్రీకాకుళం డీలరు నరసింగరావు తెలుగు చేశాడు. అందుకని అర్చనకి ఒకటే దారి. కేసు తేలిందని అందరికీ చాటేసే మొగుడికి నిజం తెలియకూడదు.

"బావా, తాబేలుకి పుట్టుకతోనే మచ్చ ఉన్నాదేమో," అంది.

"పుట్టుమచ్చ ఇంత రౌండుగా ఉంటాదేటి?" అంటూ చంద్రమౌళి జేబులోంచి కంపెనీ షేడ్ కార్డు తీశాడు. ఎరుపుల్లో ఒక్కొక్క గడీ తాబేలు పక్కన పెట్టి, కన్ను చికిలించి చూశాడు. "మన కంపెనీది కాదు. పోటీ కంపెనీ సరుకు." పొద్దున్నే అమ్మ పెట్టిన అదే రంగు అతని నుదుటి మీదే ఉంది. కానీ అతని చేతిలోని భూతద్దం అటు తిరగలేదు.

తిరిగిన వైపు ఇంకో ఆధారం దొరికింది. టెంటు పక్కనున్న ముళ్ల చెట్టుకి కింద ఆకులన్నీ ఉన్నాయి. మేడంత ఎత్తులో మాత్రం ఎవరో కొరికేసినట్టు కొమ్మలు బోసిగా ఉన్నాయి.

"సూసినావా? ఆకులు అడ్డమని తెంపీసినారు. అక్కణ్నించి మన టెంటు మీద నిఘా. అంతెత్తు ఎలగ ఎక్కుతారు? నిచ్చెన." భూతద్దం చెట్టు మీదికి ఎత్తాడు. "నిచ్చెన ముఠా."

తెల్లారి జీపులు సిద్ధమయ్యాయి. అందరూ టీ కప్పులతో నిలబడ్డారు. అర్చన ఝాన్సీని చంకనేసుకుని అందరికంటే ముందే జీపు మెట్టు మీద కాలు పెట్టింది.

"ఎవరూ ఎక్కకండి," అంటూ పరుగున వచ్చాడు చంద్రమౌళి. "నేరస్తుడు మన మధ్యనే ఉన్నాడు."

"టీ సల్లారిపోతంది, బేగా సెప్పు మౌళీ," అన్నాడు నరసింగరావు.

"ఇప్పుడే తాబేలుని పరీక్ష సేసి వచ్చినాను. రంగు ఇంకా ఆరలేదు. అంటే తెల్లారే మళ్లీ ఏసినారు. ఏసినోడి ఏలికి అంటుకునే ఉంటాది. అందరూ ఏళ్లు సాపండి."

అర్చన అత్తగారి వైపు చూసింది. తెల్లారి మొదటి పూజ కూడా అయిపోయిందన్నమాట. సూర్యకాంతం కొంగుకి వేలు గట్టిగా తుడుచుకుంటోంది.

డీలర్లు, వాళ్ల భార్యలు వేళ్లు చాపారు. థాబో కూడా ఏదో ఆట అనుకుని చాపాడు. చంద్రమౌళి ఒక్కొక్క వేలూ భూతద్దంలోంచి చూసుకుంటూ వచ్చాడు. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. నరసింగరావు మాత్రం భూతద్దం పట్టుకున్న వేలినే చూస్తున్నాడు.

"మరి నీదేటిరా మౌళీ, ఎర్రగా ఉన్నాది?"

చంద్రమౌళి భూతద్దం రెండో చేతిలోకి మార్చుకుని తన చూపుడువేలు చూసుకున్నాడు. కొట్లో రంగు ఆరిందో లేదో చూసే అలవాటు కొద్దీ తాబేలు వీపు మీద కూడా వేలు పెట్టి రాశాడు.

"నేరస్తుడు మహా తెలివైనోడు," అన్నాడు మెల్లగా. "నా ఏలే వాడుకున్నాడు."

థాబో ముఖంలో ఆట పోయింది. ఏదో అడిగాడు. "తాబేల్ని ముట్టుకున్నది నువ్వేనా అంటన్నాడు," అని తెలుగు చేశాడు నరసింగరావు.

కొడుకుని అందరూ అలా చూస్తుంటే సూర్యకాంతం ఉండబట్టలేకపోయింది. "నా కొడుకునేటీ అనకండి. బొట్టెట్టింది నాను," అంటూ బరిణె తీసింది. అది హాని లేనిదని తెలియాలి కదా, మునివేళ్ల మీద నిలబడి థాబో నుదుట ఓ బొట్టు పెట్టేసింది.

థాబోకి నవ్వొచ్చింది. వేలితో తడుముకున్నాడు కానీ తుడుచుకోలేదు. అయినా జీపు వైపు చూపించి, లేదన్నట్టు తల తిప్పాడు.

జీపులు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాయి. ఝాన్సీ ఏడవలేదు. ఏడిచినా బాగుండేది. వరండాలో గుంజకి ఆనుకుని, మూతి బిగించి కూర్చుంది. అర్చన పప్పన్నం గిన్నె పక్కన పెట్టుకుని, ఇంటికెళ్లేదాకా ఈ పిల్ల ఏం తిని బతుకుతుందా అనుకుంటోంది.

చంద్రమౌళి చెట్టు కింద మోకాళ్ల మీద పాకుతున్నాడు. "ఇక్కడ గుంటలు పడ్డాయే. ఒకటి, రెండు... నాలుగు. రెండు నిచ్చెనలు తెచ్చినారు."

"బావా, నోర్ముయ్," అంది అర్చన. పెళ్లయ్యాక ఆ మాట అనడం అదే మొదలు. ఎందుకంటే చెట్టు పైన, బోసి కొమ్మల మధ్యకి ఒక తల వచ్చింది. తల కింద మెడ, మెడ కింద ఇంకా మెడ. నల్లటి పొడుగాటి నాలిక చాచి, మిగిలిన ఆకుల్ని తీరిగ్గా తెంపుకుంటోంది. మనుషులంతా జీపుల్లో అడవికి పోయే వేళ చూసుకునే ఇది రోజూ వస్తున్నట్టుంది.

ఝాన్సీ నోరు దానంతటదే తెరుచుకుంది.

అర్చన ఊపిరి బిగబట్టి ఒక ముద్ద పెట్టింది. పిల్ల కళ్లు పైనే ఉన్నాయి, దవడలు ఆడుతున్నాయి. ఇంకో ముద్ద. జిరాఫీ ఒక నములు, ఝాన్సీ ఒక నములు. గిన్నె అడుగు కనబడేసరికి అర్చన కళ్లలో నీళ్లు తిరిగాయి.

నమిలిన ఆకు ఒకటి చంద్రమౌళి వీపు మీద పడింది. అతను తలెత్తి చూశాడు. ఇంకా ఎత్తాడు. మెడ పట్టేసేదాకా ఎత్తి, "ముఠా దొరికీసినాదే," అని గొణిగాడు. "నేను ఇక్కడుండబట్టే."

వరండాలో సూర్యకాంతం అప్పటికే బరిణె మూత తీసి, పైకి చూస్తూ నిలబడింది.

"ఒరే మౌళీ," అంది దిగులుగా, "అంతెత్తు నాకందదురా."

అతను మోకాళ్ల మీంచి లేచి జిరాఫీ ఎత్తుని చూపుతో కొలిచాడు.

"నిచ్చెన కావాలమ్మా."