పైసా ఖర్చు లేని సమర చరిత్ర

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్ళు నిండుతున్న శుభ సందర్భంలో, మండలంలోని సమరయోధుల చరిత్రను వెలికి తీయాలనీ, అందుకు పైసా కూడా ఖర్చు కాకూడదనీ మండలాధ్యక్షులు లక్ష్మీనరసింహారావు గారు ఏకగ్రీవంగా నిర్ణయించారు. ఆయనొక్కరే నిర్ణయించారు కాబట్టి ఏకగ్రీవం కాక చస్తుందా!

బాధ్యత సోషల్ మాస్టారు శ్రీమన్నారాయణ నెత్తిన పడింది.

"ఎక్కడ దొరికినా ఫ్రీగా పట్టుకు రండి మాస్టారూ. మా నాన్నగారి పేరున్న కాయితమైతే ముందు తెండి," అన్నారు ప్రెసిడెంటు గారు.

మాస్టారు సైకిలెక్కారు. ఆఫీసులో పాత రికార్డులు చెదలు తిన్నాయి. మాజీ కరణం గారు పదవి ఊడిన కోపంతో కట్టలన్నీ పొయ్యిలో పెట్టి, మూడేళ్ళుగా వేణ్ణీళ్ళు కాచుకుంటున్నారు. చివరికి చరిత్ర మామిడికాయల షెడ్డులో దొరికింది. పోలీసు స్టేషను వాళ్ళు పాత పుస్తకాలన్నీ కిలోల లెక్కన వేలం వేస్తే, షెడ్డు షావుకారు కొని బంగినపల్లి పెట్టెల్లో అడుగున పరిపిస్తున్నాడు.

"సాంబయ్యా, ఆగాగు! ఆ కాయితం వెయ్యబాక!"

"శుభ్రమైందేనండీ మాస్టారూ. పోలీసోళ్ళది," అన్నాడు పెట్టెలు కట్టే సాంబయ్య.

మాస్టారు చదివారు. నలభై రెండు, ఆగస్టు. టెలిగ్రాఫు తీగలు కోసిన నేరానికి సాంబయ్య అనే పాలేరుకు ఆరు నెలలు.

"ఓరి నీ దుంపతెగ! ఇది నువ్వేనయ్యా!"

రుజువు లేదని సాంబయ్య పింఛను అర్జీ మూడుసార్లు తిరిగొచ్చింది. అరవై అయిదేళ్ళకీ పెట్టెలెత్తుతున్నాడు, నడుం ఎప్పుడో పోయింది. "నా జైలు నా చేతికిందే ఉందాండీ!" అని పకపకా నవ్వాడు. ఆ వెంటనే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మాస్టారు కాయితం మీది దుమ్ము దులిపారు.

"ఈసారి నీ పింఛను ఎవడాపుతాడో చూస్తా," అన్నారు. అప్పుడు కింది వరస చూశారు. ఫిర్యాది: బసవపున్నారావు, తోట యజమాని. అంటే ప్రెసిడెంటు గారి తండ్రి.

ప్రెసిడెంటు గారు ఆ కాయితాన్ని కళ్ళకద్దుకున్నారు.

"చూశారా, నాన్నగారు!"

"ఆయన... పట్టించిన వారండీ," అన్నారు మాస్టారు, చెమట తుడుచుకుంటూ.

"సమరంలో పేరుందా, లేదా?"

"ఉందండీ."

"సమరమన్నాక రెండు పక్కలుంటాయి మాస్టారూ. ఒక్క పక్కే ఉంటే అది సమరమెట్టా అవుద్ది?"

సోషల్ చెప్పే మాస్టారికి ఈ పాయింటు ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఎన్నడూ తట్టలేదు. ప్రెసిడెంట్లు ఊరికే అవుతారా మరి!

కాయితం అద్దాల ఫ్రేములోకి వెళ్ళింది. ఫ్రేము చిన్నదవడంతో సాంబయ్య పేరున్న పై వరస కత్తిరించి పారేశారు. పంద్రాగస్టున కమిటీ బసవపున్నారావు గారిని మండలంలో ఏకైక సమరయోధుడిగా ప్రకటించింది. మాస్టారికీ శాలువా కప్పారు. ఆయన దాన్ని ఇంటికి తీసుకెళ్ళబుద్ధి కాక బళ్ళోనే బీరువాలో పడేశారు.

సాంబయ్య నాలుగోసారి ఆఫీసుకెళ్ళాడు.

"రికార్డు లేకపోయినా పర్లేదయ్యా. నీతో పాటు జైల్లో ఉన్న సమరయోధుడెవరైనా సంతకం పెడితే చాలు," అన్నాడు గుమాస్తా, మహా దయగా.

"మిగతావాళ్ళంతా పోయారండీ."

"బసవపున్నారావు గారున్నారుగా!"

మాస్టారే అర్జీ రాసి, సాంబయ్యను వెంటబెట్టుకుని ఆ ఇంటికెళ్ళారు. ఎనభై రెండేళ్ళ బసవపున్నారావు గారు వసారాలో పడక్కుర్చీలో కూర్చుని, అర్జీ అక్షరం వదలకుండా చదివారు. పెన్ను మూత తీశారు. మళ్ళీ పెట్టేశారు.

"ఒరే సాంబయ్యా, నా సంగతి నీకు తెల్సుగదా. జన్మలో దొంగ సంతకం పెట్టినోణ్ణి కాదు. జైల్లో నిన్ను ఒక్కనాడైనా చూశానా? నువ్వే చెప్పు."

సాంబయ్య చాలాసేపు ఆలోచించాడు.

"చూళ్ళేదండీ," అన్నాడు.