మైనస్ గ్రూపు డిస్కు

"బావా, ఈ భూమ్మీద బుర్ర ఉన్నవాళ్ళు ముగ్గురే. ఇద్దరు పోయారు. మూడోవాడు నీ ఎదురుగా నిలబడి ఉన్నాడు," అన్నాడు మా బావమరిది, నా టీ కప్పును భూతద్దంలోంచి చూస్తూ.

"కప్పులో ఈగ పడిందిరా."

"నీ కంటికి ఈగ. నా కంటికి క్లూ."

వాడు తనకు తాను పెట్టుకున్న పేరు డేగ. వారమంతా బీమా ఆఫీసులో గుమాస్తా, ఆదివారం అపరాధ పరిశోధకుడు. ఇప్పటిదాకా వాడు పట్టుకున్న దొంగ లేడు. వాడిని పట్టుకున్న జలుబు మాత్రం వదలకుండా ఉంది.

ఆ ఆదివారం కేసు ఇచ్చింది మా అత్తగారు, అంటే వాడి తల్లి. తుంటి ఎముక విరిగి మంచం దిగలేని మనిషి. నా భార్య పోయాక ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే. "దాని గొంతు ఒక్కసారి వినిపించు బాబూ."

ఇంట్లో ఒకే ఒక పాత వీడియో టేపు ఉంది. ఎప్పుడో డేగ కొత్త కెమెరా కొన్న మురిపెంలో తీసినది. నేను పాఠాలు చెప్పే బడి నుంచి డిస్కు రికార్డర్ అడిగి తెచ్చి, టేపును డిస్కు మీదికి ఎక్కించాను. ఎక్కడం అయిందో లేదో టేపు తెగి నలిగిపోయింది. ఇక మిగిలింది ఆ డిస్కే. పని అయ్యాక రికార్డర్ తెర మీద ఒక ప్రశ్న వేసింది. 'ముగించమంటారా? ముగించాక ఇక ఏమీ చేర్చడానికి వీలుండదు.' వద్దని నొక్కాను.

డిస్కు హాల్లో రికార్డర్‌లో పెడితే ఆడుతోంది. అత్తగారి గదిలోని పాత ప్లేయర్‌లో పెడితే 'డిస్కు లేదు' అంటోంది. హాల్లో టీవీ గోడకు బిగించి ఉంది. ఆవిడ టీవీకి రికార్డర్ తీగ పట్టదు. పైగా మర్నాడు రికార్డర్ బడికి తిరిగి ఇచ్చేయాలి.

"తేలిపోయింది," అన్నాడు డేగ. "హాలుకీ గదికీ మధ్య ఎవడో డిస్కు మార్చేశాడు. రక్తం గడ్డకట్టే కుట్ర."

"హాల్లోంచి గదిలోకి తీసుకెళ్ళింది నేనేరా."

"అందుకే నిన్ను కనిపెట్టుకుని ఉన్నాను."

డిస్కు పట్టుకుని, అది కొన్న కొట్టుకు వెళ్ళాం. కొట్టాయన పెట్టెలు సర్దుకుంటూ తలెత్తకుండానే మాట్లాడాడు.

"ఇది మైనస్ ఆర్ అండి. ప్లస్ ఆర్ కూడా ఉంది, కావాలా?"

డేగ నా చెయ్యి గట్టిగా గిల్లాడు. "బావా, రక్తం గ్రూపులు. మన డిస్కు నెగటివ్. దొరకడం కష్టం."

"పాత ప్లేయర్లకు సాధారణంగా మైనస్సే నప్పుతుందండి," అన్నాడు కొట్టాయన.

"మరి ఈ పెట్టె మీది ఆర్‌డబ్ల్యూ గారెవరు?"

"అది చెరిపి మళ్ళీ మళ్ళీ రాసుకోవచ్చు. ఉత్త ఆర్ అయితే ఒకసారి రాసింది చెరగదు. ఇంతకీ దీన్ని బర్న్ చేసిందెవరు?"

"నేనే, ఇంట్లో," అన్నాను.

డేగ రెండడుగులు వెనక్కి వేశాడు. "బావా. నువ్వా తగలబెట్టింది? సాక్ష్యాన్ని?"

"డిస్కు మీద రాయడాన్ని అలాగే అంటార్రా."

"దొరికాక అందరూ అలాగే అంటారు."

కొట్టాయన మొదటిసారి తలెత్తాడు. "మాస్టారూ, రాశాక సెషన్ క్లోజ్ చేశారా, అంటే ముగించారా? అది చెయ్యకపోతే పాత ప్లేయర్లకు..."

"సెషన్స్ కోర్టు దాకా ఎందుకండీ? ఇంటి పరువు. నేనే తేల్చేస్తా," అని డేగ నన్ను బయటికి లాక్కొచ్చాడు. నేనూ ఆగి అడగలేదు.

ఇంటికి రాగానే డిస్కును మళ్ళీ రికార్డర్‌లో పెట్టాను. వాడు తల్లి పౌడరు డబ్బా పట్టుకొచ్చి రికార్డర్ రిమోట్ మీద బోర్లించాడు.

"వేలిముద్రలు," అన్నాడు.

"అవి నావేరా."

"ఒప్పుకోవడానికి తొందరేం లేదు."

ఒక్కో బటన్ మీదా పౌడరు రుద్దుతూ పోయాడు. తెర మీద భాష మారింది, గడియారం మారింది, చివరికి ఆ ప్రశ్న వచ్చింది. ముగించమంటారా? రిమోట్ ఇలా ఇమ్మని చెయ్యి చాపాను. అప్పటికే వాడి ముక్కు ఎగిరిపడుతోంది. ఇల్లంతా అదిరేలా తుమ్మాడు. బొటనవేలు 'అవును' మీద పడింది.

'ముగిస్తోంది. దయచేసి వేచి ఉండండి.'

నేను లేచి నిలబడ్డాను. తర్వాత కూర్చున్నాను.

"ఏమైంది బావా?"

"ఏం లేదు. ముక్కు తుడుచుకో."

డిస్కు బయటికి వచ్చాక వాడు దాన్ని రుమాల్లో పట్టుకుని, ముద్దాయిని తీసుకెళ్తున్నట్టు గదిలోకి నడిచాడు. పాత ప్లేయర్ కాసేపు గురగురలాడింది. ఈసారి లేదనలేదు. తిరిగింది. కాని తెర మీద ఉత్త చీకటి.

"అమ్మా, గుండె దిటవు చేసుకో," అన్నాడు డేగ. "నేరస్థుడు అక్కను చీకట్లో బంధించాడు."

చీకట్లోంచి గొంతు వచ్చింది.

"ఒరేయ్ మొద్దూ, ముందు కెమెరా మూత తియ్యరా."

అత్తగారి చెయ్యి దుప్పటి మీద ఆగిపోయింది.

"తీశానే అక్కా," అంది తెరలోంచి వీడి కుర్రగొంతు.

"తీస్తే ఆ నల్లటిదేమిట్రా? నీ వల్ల కాదు గాని మీ బావను పిలు. ఆయన నిదానమే, కాని మొదలుపెట్టింది ముగిస్తారు."

మూత ఊడింది. తెర నిండా వెలుతురు. అందులో మా ఆవిడ, చేతిలో తడిబట్టతో, వీడిని చూసి పడీపడీ నవ్వుతోంది.

చాలాసేపటికి డేగ చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. ఈసారి జలుబు అని చెప్పుకోలేదు.

"పౌడరుకు భయపడి డిస్కు మళ్ళీ పెట్టేసినట్టున్నాడమ్మా," అన్నాడు. "దొంగ మాత్రం తప్పించుకున్నాడు."

"పోనీలేరా. ఇచ్చేశాడుగా." అత్తగారు నా వైపు చూశారు. "మళ్ళీ పెట్టు బాబూ. మూత దగ్గర్నుంచి."